పేరు అనే రైతు

గురువారం, ఆఫీసు మూసే వేళ.
తడిసిన ఉన్ని తొడుగులు హీటరు మీద ఆరేసి
ఒక్క మీట నొక్కాను.
"మొదటి వరస హెడరా?" అని అడిగే చిన్న గడి ఒకటుంటుంది.
టిక్కు పెట్టలేదు.
అసలు అది అడిగిందనే చూడలేదు.

పద్దెనిమిది మంది రైతులూ
అక్షరాల వెంట బుద్ధిగా నిలబడ్డారు.
ఆర్న్‌ఫిన్నుర్ ముందు, బేరా తర్వాత,
అట్టడుగున ఎప్పటిలాగే
ఎవరితోనూ పడని ఓగ్ముందుర్.
ఏ గొర్రె ఏ రైతుదో చెడలేదు. సంతోషించాను.
పైన ఉండాల్సిన వరస ఏమైందని వెతకలేదు.
అది మెక్కిన్‌కీ ఓడ్నికీ నడుమ
తలదాచుకుంది.

మా ఐస్‌లాండులో పేరుని నాఫ్న్ అంటాం.
కాగితం మీద ఇలా అచ్చయింది:
పేరు: పేరు.
ఊరు: ఊరు.
చెవి గుర్తు: చెవి గుర్తు.
గొర్రెలు: ఎన్ని.
కాగితం వడ్రంగికి వెళ్ళింది,
ఈ ఏడు కట్టిన కొత్త దొడ్డికి పలకలు రాయడానికి.
వడ్రంగి థిద్రంది ప్రశ్నలు వేసే మనిషి కాడు.
రాయమన్నది రాశాడు, నీలం రంగుతో, రెండు పూతలు.

శనివారం కొండ మీంచి మంద దిగింది.
వేసవంతా మేసి బలిసిన ఉన్ని,
వాన అడ్డంగా కొడుతోంది.
బండి చక్రంలా గుండ్రటి దొడ్డి,
ఆకుల నడుమ సందుల్లా అరలు,
అరకో తలుపు, తలుపుకో పలక.
కొమ్ములు పట్టి, కాళ్ళ మధ్య ఇరికించి,
ఎవరి గొర్రెని వాళ్ళు ఈడ్చుకుపోతున్నారు.
అంత వానలో చెవి గాటుని కళ్ళతో చదవరు,
బొటనవేలితో చదువుతారు.

ఓడ్ని ఆగిపోయింది.
"పాత దొడ్డిలో నలభై ఏళ్ళు మెక్కిన్ పక్కనే నా అర.
మా నడుమ ఈయనెవరు?"
మెక్కిన్ తొంగి చూసింది.
"ఎవరైతేనేం, మంచి పొరుగు. చడీ చప్పుడూ లేదు."
ఓగ్ముందుర్ కూడా నవ్వాడు.
పిల్లలు ఖాళీ అరలోకి వంగి
"పేరూ! ఓ పేరూ!" అని పిలుస్తున్నారు.
అంత చలిలో
నా చెవులు మాత్రం కాలిపోతున్నాయి.

చీకటి పడేముందు ఒక గొర్రెపిల్ల మిగిలింది.
ముదురు గోధుమ రంగు, ఒక కాలు తెలుపు.
కొండ మీదే పుట్టినట్టుంది,
వసంతంలో ఏ కత్తికీ దొరకలేదు.
ఇంద్రిది పట్టుకున్నాడు. డెబ్బయ్యారేళ్ళ మనిషి,
మంద దించే నాయకుణ్ణి మేం కొండరాజు అంటాం.
కుడి చెవి తడిమాడు, ఎడమ చెవి తడిమాడు,
మళ్ళీ కుడి చెవి.
రెండూ నున్నగా, చెట్టు మీది ఆకుల్లా ఉన్నాయి.
పిల్ల అరిచింది. ఏ అరలోంచీ తల్లి పలకలేదు.
గుర్తు లేనిది పంచాయతీ సొత్తు, అదీ పద్ధతి.
పంచాయతీకి మాత్రం అర లేదు.
ఇంద్రిది చుట్టూ పలకలన్నీ ఒకసారి చదివి,
మోకాలితో పదో తలుపు తోశాడు.
"వీడికి పేరు లేదు,
ఆయనకి గొర్రె లేదు" అన్నాడు.
ఎవరూ నవ్వలేదు. థెర్మాసు మూత తీసిన చప్పుడు.

ఆదివారం రాత్రి సరిచేశాను.
ఆ వరసని కత్తిరించి పైకి తెచ్చి అతికించాను,
కదలకుండా బిగించాను.
ఎంత కిందికి జరిపినా ఇప్పుడది తల మీదే ఉంటుంది,
ఏ ఊరూ లేకుండా, ఎవరి పక్కనా లేకుండా.
ఈసారి ఆ గడిలో టిక్కు పెట్టాను,
పెట్టానో లేదో రెండుసార్లు చూశాను.

ఇక అమ్మకాల చిట్టా ఒక్కటే మిగిలింది.
గొర్రెపిల్ల, ఒకటి. గోధుమ రంగు.
చెవి గుర్తు: గడి ఖాళీ.
రైతు పేరు:
అక్కడ కర్సరు కొట్టుకుంటూ ఉంది.
హీటరు మీద తొడుగులు ఎప్పుడో ఆరిపోయాయి.